మెడ వంగే ముందు ఏం జరుగుతోంది?

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరు వెళ్లేవాళ్లని ఓసారి చూడండి. ధారూర్ రాకముందే బోగీలో సగం మెడలు ఫోన్ మీదకి వంగిపోయి ఉంటాయి. "మెడ నిటారుగా పెట్టు" అని అమ్మ అంటే పెడతాం. రెండు నిమిషాలు. రీల్ మారగానే మళ్లీ అక్కడికే.

ఎందుకలా? దీన్ని బాగా పట్టుకున్నాయన ఎఫ్.ఎం. అలెగ్జాండర్. 1869లో ఆస్ట్రేలియాలోని టాస్మేనియాలో పుట్టాడు, స్టేజీ కళాకారుడు. స్టేజీ ఎక్కితే గొంతు బొంగురుపోయేది, రెస్ట్ తీసుకుంటే తగ్గేది. అంటే తనే ఏదో చేస్తున్నాడు. అద్దాల ముందు నిలబడి చూసుకుంటే తెలిసింది: నోరు తెరుస్తూనే తల వెనక్కి లాగేస్తున్నాడు.

సరే, తల ముందుకు పెడదాం అనుకున్నాడు. పెట్టాననే అనిపించింది. అద్దంలో చూస్తే తల ఇంకా వెనక్కే పోతోంది! నాకైతే అసలు పాయింట్ ఇదే. పాత అలవాటే మనకి కరెక్ట్‌గా అనిపిస్తుంది, కాబట్టి ఫీలింగ్‌ని నమ్మలేం.

అందుకే దిద్దడం పక్కనపెట్టి, ముందు ఆగడం నేర్చుకున్నాడు. మాట్లాడదాం అనిపించగానే ఓ క్షణం ఆగేవాడు. ఒక్కోసారి మాట్లాడకుండా చెయ్యి ఎత్తేవాడు. కోడింగ్ భాషలో చెప్పాలంటే, ఫంక్షన్ రన్ అయ్యాక కాదు, కాల్ అయ్యే చోటే బ్రేక్‌పాయింట్ పెట్టాడు. ఆలోచనలకీ అంతే. చెయ్యి జేబులోకి పోయే ముందు "ఎవరైనా మెసేజ్ పెట్టారేమో" అని ఓ ఆలోచన వస్తుంది. తిట్టుకోకండి, వచ్చిందని చూడండి చాలు.

తాండూరు పాలిషింగ్ యూనిట్‌లో పనిచేసే తమ్ముడొకడు అడిగిండు: "అన్నా, బండలు లేపి లేపి నడుం పట్టేస్తుంది, ఇది పనిచేస్తదా?"

2008లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 579 మంది నడుంనొప్పి పేషెంట్లపై చేసిన స్టడీ వచ్చింది. ఏడాది తర్వాత, మామూలు వైద్యమే తీసుకున్నవాళ్లకి నాలుగు వారాల్లో 21 రోజులు నొప్పి ఉంటే, ఈ పద్ధతిలో 24 క్లాసులు నేర్చుకున్నవాళ్లకి 3 రోజులే. కానీ వాళ్లకి నేర్పింది ట్రైనింగ్ ఉన్న టీచర్లు, నా వీడియో కాదు. పైగా ధ్యాస పెడితే బండ బరువు తగ్గదు తమ్ముడూ. ఇద్దరు కలిసి లేపండి. కాలు తిమ్మిరెక్కుతుంటే ముందు డాక్టర్‌ దగ్గరికి పో.

ఆ తర్వాత ఫోన్‌ని పక్కన గోడకి ఆనించి, ఐదుసార్లు లేపడం రికార్డ్ చెయ్యి. బండని చెయ్యి తాకకముందే మెడ, నడుం ఏం చేస్తున్నాయో స్లో మోషన్‌లో చూడు.