రొద హెచ్చి ధూళి తీయని యంత్రము

వాక్యూమ్ క్లీనరు ఒక్కొక్కప్పుడు మునుపటికంటె పెద్దగా రొద చేయుచు దుమ్మును మాత్రము తీయదు. మోటారు చెడినదని తలచి దానిని మరమ్మతుకు పంపుదుము. పెక్కు సారులు మోటారు దోషమేమియు ఉండదు.

యంత్రములోని పంకా గాలిని వెనుకకు నెట్టగా లోపల పీడనము తగ్గును. బయటి వాతావరణ పీడనము గాలిని గొట్టములోనికి త్రోయును. ధూళి దానితో కొట్టుకొని వచ్చును. 1901లో ఇంగ్లండులో హ్యూబర్ట్ సెసిల్ బూత్ నిర్మించిన యంత్రమును గుఱ్ఱపు బండిపై తీసికొని పోవలసి వచ్చెడిది, సూత్రము మాత్రమిదియే.

దారి మూసికొనిపోయినచో పంకా నెట్టవలసిన గాలి తగ్గును. పని తగ్గుటచే మోటారు, కాడి దించిన ఎద్దువలె, మరింత వేగముగా తిరుగును. రొద హెచ్చుటకు కారణమిదియే.

కనుక ముందు ప్లగ్గు ఊడదీసి సంచిని, వడపోతను చూడుడు. సంచి నిండకున్నను మెత్తని సున్నపుపొడి దాని రంధ్రములను పూడ్చివేయును. తరువాత గొట్టము తీసి, యంత్రమును నడిపి, దాని నోటికి అరచేయి అడ్డుపెట్టుడు. చేతిని గట్టిగా పట్టినచో లోపము గొట్టములోనే యున్నది. గొట్టమును నిలువుగా పట్టి గోలీని జారవిడువుడు. అది ఆగినచోటనే అడ్డు.

పెక్కు యంత్రములలో మోటారును చల్లార్చునది కూడ ఆ గాలియే. అడ్డుతో నడిపినచో అది వేడెక్కును; కొన్నింట రక్షక స్విచ్చి ఆపివేయును. అడ్డు తీసి చల్లారనిచ్చినచో మరల తిరుగును.

యంత్రము అసలు కదలకున్నచో అదే సాకెట్టులో మేజాదీపమును వెలిగించి చూడుడు. మాడిన వాసన గాని నిప్పురవ్వలు గాని వచ్చినచో మాత్రము విప్పవలదు. అది మెకానిక్కు పని.