సంచి తీయించుకునే ముందు

ధరణికోట మిరపచేలల్లో పొద్దస్తమానం వంగి కాయకోసే ఆడకూలీకి నడుంనొప్పి, తెల్లబట్ట ఉంటే ఎవరితో చెప్పుకుంటుంది? నొప్పి ముదిరాక అప్పుచేసి ప్రైవేటు ఆసుపత్రికి పోతుంది. అక్కడ 'సంచి తీసేస్తే పీడా పోతుంది' అనే మాట వినాల్సి వస్తోంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో నూటికి ముగ్గురైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిదిమంది!

కొద్దిపాటి తెల్లబట్ట మామూలే. దుర్వాసన, దురద, పొత్తికడుపులో నొప్పి ఉంటే రోగమని అనుమానించాలి. చాలావాటికి మందుబిళ్లలు చాలు. సుఖరోగమైతే మొగుడూ మందు మింగాలి. అశ్రద్ధ చేస్తే అండనాళాలు మూసుకుపోయి బిడ్డలు పుట్టకపోవచ్చు. అప్పుడు 'గొడ్రాలు' అనే నింద ఆమె ఒక్కదానికే! లోపం మగవాడిలోనూ ఉండొచ్చు. పరీక్ష ఇద్దరికీ జరగాలి.

క్యాన్సరుకో, మందులకు లొంగని రక్తస్రావానికో ఆపరేషన్ తప్పకపోవచ్చు. కాని సంచి పోతే ఇక కాన్పు లేదు. అండాశయాలు కూడా తీసేస్తే వయసులోనే ముట్లుడిగి ఎముకలు బలం తగ్గుతాయి. రెక్కల కష్టమే ఆస్తి అయిన వాళ్లకు ఇది కూలికే ఎసరు.

అనవసరపు ఆపరేషన్లను అరికట్టే కేంద్ర మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు జరపాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. ఆ ఆదేశాన్ని ఊళ్లోకి తేవలసింది మనమే.

అక్కల్లారా! పరీక్ష కాగితం అడగండి. గుంటూరు పెద్దాసుపత్రిలో రెండో డాక్టరమ్మకు చూపించకుండా వేలిముద్ర వేయకండి. కూలిసంఘం కార్యకర్తలు వాళ్లకు తోడు వెళ్లాలి.