పీపాలో తరిగేది, పొలంలో పెరిగేది

బెంగళూరు నుంచి మైసూరు వెళ్ళే దారిలో కంబిపుర అనే ఊరుంది. అమృత్ విస్కీ తయారయ్యేది అక్కడే. 1948లో రాధాకృష్ణ జగ్దాలే స్థాపించిన ఈ కంపెనీ, 2004లో తన సింగిల్ మాల్ట్ విస్కీని ఏకంగా స్కాట్లాండులోని గ్లాస్గోకు పట్టుకెళ్ళి విడుదల చేసింది. తిరుపతి వెళ్ళి లడ్డూలు అమ్మినట్టన్నమాట. అయినా నెగ్గుకొచ్చింది. 2010 నాటి 'విస్కీ బైబిల్'లో విస్కీ విమర్శకుడు జిమ్ మర్రే దాని ఫ్యూజన్ రకాన్ని ప్రపంచంలో మూడోదిగా లెక్కగట్టాడు. ఆ కీర్తి సంగతి అలా ఉంచితే, విజ్ఞానం మీద ఆసక్తి ఉన్నవాళ్ళు చూడవలసింది వాళ్ళ గోదాములో జరిగే నష్టాన్ని.

బట్టీ దిగిన మద్యాన్ని ఓక్ చెక్క పీపాల్లో పోసి ఏళ్ళ తరబడి నిలవ ఉంచుతారు. చెక్క ద్రవాన్ని ఆపుతుంది గానీ ఆవిరిని పూర్తిగా ఆపలేదు. స్కాట్లాండు చలిలో ఇలా పోయేది ఏటా సుమారు 2 శాతం. దానికి అక్కడివాళ్ళు 'దేవదూతల వాటా' అని పేరు పెట్టుకుని సర్దుకుపోయారు. బెంగళూరు దేవదూతలు 10 నుంచి 12 శాతం పట్టుకుపోతారు. 8 ఏళ్ళు నిలవ ఉంచిన తన విస్కీకి అమృత్ 'గ్రీడీ ఏంజెల్స్' (అత్యాశ దేవదూతలు) అనే పేరే ఖాయం చేసింది. పీపాల్లో పోసింది 360 లీటర్లు, గాలిలో కలిసింది 274.

ఇక్కడ కాగితం మీద ఓ చిన్న లెక్క వేసి చూడండి. ఏటేటా మిగిలిన దాంట్లో 12 శాతం చొప్పున పోయినా 8 ఏళ్ళకు 130 లీటర్లు మిగలాలి. మిగిలింది 86. తేడా ఎక్కడొచ్చింది? లోపలి సరుకు తగ్గినా పీపా చిన్నదవదు, ఆవిరి బయటికి పోయే చెక్క అంతే ఉంటుంది. 274ను 8తో భాగిస్తే సగటున ఏడాదికి 34 లీటర్లు. మొదటి ఏడాది 360లో 34 అంటే పదో వంతు లోపే. చివరి ఏడాది 120లో 34 అంటే పావు వంతుకు పైనే. అందుకే ఈ ఊళ్ళో 12 ఏళ్ళ విస్కీ దొరకడం అంత అరుదు.

బెంగళూరు చల్లని ఊరు కదా, ఇంత ఆవిరేమిటి అనిపించవచ్చు. మనకు చల్లనే, పీపాకు కాదు. ఊరు సముద్రమట్టానికి 900 మీటర్ల ఎత్తున ఉన్నా, స్కాట్లాండులో లాగా పీపా ముడుచుకుని పడుకునే శీతాకాలం ఇక్కడ లేదు. ఎండాకాలంలో గాలి బాగా పొడిగా ఉంటుంది. పొడిగాలిలో ఆల్కహాలు కంటే నీరు జోరుగా పోతుంది, దాంతో మిగిలినది ఘాటెక్కుతుంది. స్కాట్లాండు తేమలో నీరు అంత సులువుగా పోదు కాబట్టి అక్కడ ఏళ్ళు గడిచేకొద్దీ ఘాటు తగ్గుతుంది.

పోగొట్టుకున్నదానికి ప్రతిఫలం కూడా ఉంది. పగటి వేడికి ద్రవం వ్యాకోచించి చెక్కలోకి చొరబడుతుంది, రాత్రి వెనక్కి వస్తుంది. వస్తూ వస్తూ లిగ్నిన్ విరిగి పుట్టిన వెనిలిన్‌ను, కాల్చిన చెక్కలోని చక్కెరల తీపి వాసనను, టానిన్ల వగరును, రంగును తెచ్చుకుంటుంది. వేడి ఎక్కువైతే ఈ పని త్వరగా జరుగుతుంది. ఇక్కడి ఏడాది అక్కడి మూడేళ్ళకు సమానమని తరచు అంటుంటారు. నాకు ఈ మాట మీద పూర్తి నమ్మకం లేదు. చెక్క సారం దిగడం వేరు. ఆమ్లాలు ఆల్కహాలుతో కలిసి పండ్ల వాసన ఇచ్చే ఎస్టర్లుగా మారడం, ఆక్సిజన్ నెమ్మదిగా పనిచేయడం వేరు. వేడికి అన్నీ ఒకే పాళ్ళలో పరుగెత్తవు. కనుక వేడి ప్రాంతపు విస్కీ త్వరగా ముసలిదైన స్కాచ్ కాదు, దాని దారే వేరు. పీపాను ఆలస్యంగా తెరిస్తే చేదు చెక్క రుచే మిగులుతుంది.

పీపా దాకా రాకముందు జరిగేది మన పత్రికలు చదివేవాళ్ళకు కొత్తేమీ కాదు. 'బెల్లపు ఊట ధ్వంసం' అనే వార్త చూడని తెలుగువాడు ఉండడు. ఇక్కడ బెల్లం బదులు మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ. మొలకలోని ఎంజైములు పిండిపదార్థాన్ని చక్కెరగా మారిస్తే, ఈస్టు దాన్ని ఆల్కహాలుగా మారుస్తుంది. ఆ ఊటను రాగి బట్టీలో రెండుసార్లు కాస్తారు. ఊటలోని దుర్వాసనకు మూలమైన గంధకపు పదార్థాలను పట్టి ఉంచుతుంది కాబట్టే రాగి. ఘాటైన మొదటి ధారను, కంపు కొట్టే చివరి ధారను పక్కనపెట్టి నడిమి ధారనే పీపాకు పంపుతారు.

మొదటి ధార పారబోస్తే మిథనాల్ విషం పోయినట్టే అని చాలామంది నమ్ముతారు. అది నిజం కాదు. మిథనాల్ 65 డిగ్రీల దగ్గరే మరిగినా, నీరు, ఆల్కహాలుతో కలిసి ఉన్నప్పుడు అన్ని ధారల్లోనూ కొంచెం కొంచెం వస్తుంది. ధాన్యపు ఊటలో అది పుట్టేదే స్వల్పం. 1981లో బెంగళూరులో 300 మందికి పైగా ప్రాణాలు తీసిన కల్తీ సారాలో ఉన్నది మిథనాలే. అలాంటి ఘోరాలు సాధారణంగా పరిశ్రమల మిథనాల్‌ను మద్యంలో కలపడం వల్ల జరుగుతాయి.

మళ్ళీ పీపాల దగ్గరికి వస్తే, చిన్న బట్టీవాడి కష్టం ఇప్పుడు అర్థమవుతుంది. స్కాచ్ అనిపించుకోవాలంటే కనీసం మూడేళ్ళు పీపాలో ఉండాలని అక్కడి చట్టం. అన్నాళ్ళు పెట్టుబడి పెట్టి, ఏటా పదో వంతు గాలికి వదిలి, బాకీలకు వడ్డీ కట్టడం చిన్నవాళ్ళ వల్ల కాదు. దేశంలో కొత్త డిస్టిలరీలు చాలావరకు పీపా అక్కర్లేని జిన్ వైపు వెళ్ళడానికి ఇదొక కారణం.

బెంగళూరుకు తూర్పున, చిత్తూరు జిల్లాలో, డెస్మండ్ నజరెత్ అనే ఆయన వేరే దారి పట్టాడు. దక్కను పీఠభూమిలో పొలాల గట్ల మీద కంచెగా పెరిగే కిత్తనార, మెక్సికోలో టెకీలా అనే మద్యం చేసే మొక్కకు దగ్గరి చుట్టం. దాని నడిమి దుంపలో ఉండేది ఫ్రక్టోజ్ గొలుసులు. ఈస్టు వాటిని అలాగే తినలేదు. దుంపను బాగా ఉడికిస్తే గొలుసులు తెగి తియ్యని రసం వస్తుంది. దాన్ని పులియబెట్టి బట్టీ పట్టిన మద్యాన్ని ఆయన 2011లో గోవాలో అమ్మకానికి పెట్టాడు. టెకీలా పేరు మెక్సికోకే చెందుతుంది కాబట్టి సీసా మీద ఆ మాట లేదు. దీనికి పీపా తప్పనిసరి కాదు, ఆవిరి బెంగ అంతగా లేదు.

కానీ నిరీక్షణ పూర్తిగా తప్పలేదు, పొలానికి మారిందంతే. కిత్తనార పక్వానికి రావడానికి దాదాపు పదేళ్ళు పడుతుంది. జీవితంలో ఒక్కసారే పూకాడ వేసి చచ్చిపోతుంది. పూకాడ లేచిందంటే దుంపలోని చక్కెరంతా దానికే ఖర్చవుతుంది. అందుకని కాడ పైకి రాకముందే కోయాలి. ఈ ఏడు పిలకలు నాటిన రైతుకు కోత వచ్చేసరికి పదేళ్ళు. అప్పటికి బట్టీ ఉంటుందో లేదో, ఎక్సైజు నిబంధనలు ఎలా మారతాయో తేలకుండానే అతను నాటాలి, కొనేవాడు ముందుగానే మాట ఇవ్వాలి.