నష్టాల పట్టికలో కూలికి గడి ఏది?

‘సార్, మన సీమకు సముద్రమే లేదు. సునామీ గురించి మనకెందుకు?’ కర్నూలులో నా తరగతిలో ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. మెట్ట ప్రాంతంలో పుట్టిన నాకూ ఆ సందేహం కొత్త కాదు. అయినా కులాన్ని అధ్యయనం చేసేవారు ఆ ఉపద్రవాన్ని తప్పక చదవాలంటాను.

2004 డిసెంబర్ 26 ఉదయం ఆరున్నర వేళ సుమత్రా తీరానికి చేరువలో సముద్రగర్భం కంపించింది. తీవ్రత 9.1. భారత ఫలకం బర్మా ఫలకం కిందికి చొచ్చుకుపోయే చోట శతాబ్దాలుగా పేరుకున్న ఒత్తిడి ఒక్కసారిగా విడుదలై, వెయ్యి కిలోమీటర్లకు పైగా పగులు సాగింది. సముద్రపు అడుగు పైకి లేచి మీది నీటిని ఎత్తింది. నడిసంద్రంలో గంటకు సుమారు 700 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ అల మీటరు ఎత్తు కూడా ఉండదు. పడవలోని వారికి దాని జాడే తెలియదు. తీరం దగ్గర లోతు తగ్గేకొద్దీ దాని వేగం తగ్గి, ఎత్తు పెరుగుతుంది. రెండున్నర గంటల్లో అది మన తూర్పు తీరాన్ని తాకింది. దేశంలో పది వేల మందికి పైగా, ఆంధ్ర తీరంలో వంద మందికి పైగా మరణించారు.

ఇంతవరకు భూభౌతికశాస్త్రం. ఆ తర్వాతది సమాజశాస్త్రం. తమిళనాడులోని నాగపట్నం జిల్లాలో సహాయ శిబిరాల నుంచి దళితులను దూరంగా పెట్టిన ఉదంతాలు వెలుగులోకి వచ్చాయి. అంతకన్నా నిశ్శబ్దమైన వివక్ష నష్టాల పట్టికలోనే దాగి ఉంది. పడవ పోయినా, వల పోయినా అందులో లెక్కకు వస్తుంది. అది న్యాయమే, మత్స్యకారులూ వెనుకబడిన కులాల వారే. కానీ ఉప్పుమడుల్లో, ఉప్పునీరు ముంచిన పొలాల్లో కూలి చేసే దళితుడు పోగొట్టుకున్నది ఆస్తి కాదు, పని. దానికి పట్టికలో గడి లేదు.

ఆ విషాదం తర్వాత వచ్చిన 2005 విపత్తు నిర్వహణ చట్టంలోని 61వ సెక్షన్ సహాయ, పరిహారాల్లో కుల వివక్షను నిషేధించింది. అయితే ఆస్తి ఆధారంగానే నష్టాన్ని కొలిచినప్పుడు, ఎవరి కులమూ అడగకుండానే వివక్ష జరిగిపోతుంది.

ఈ మాట సీమకూ వర్తిస్తుంది. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర, హంద్రీ కర్నూలును ముంచెత్తాయి. 2021 నవంబర్ 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేరుపై అన్నమయ్య జలాశయం కట్ట తెగి, రాజంపేట పరిసర గ్రామాలను వరద ఊడ్చేసింది. వరదైనా కరువైనా మనవద్ద పంట పరిహారం ప్రధానంగా పాసుపుస్తకం చుట్టూనే తిరుగుతుంది. తరతరాలుగా భూమికి దూరమైన మాల, మాదిగ కూలీలకు ఆ పుస్తకం ఎక్కడిది?

కాబట్టి రెండు పనులు జరగాలి. పోయిన పనిదినాలను నష్టంగా నమోదు చేయాలి. పరిహారం పొందినవారి వివరాలను కులాలవారీగా గ్రామసభ ముందుంచాలి. లేకుంటే 61వ సెక్షన్ అమలైందో లేదో తెలిసే దారి లేదు.

ఆ విద్యార్థికి నేను చెప్పిందీ ఇదే: ఈసారి మీ మండలంలో నష్టాల పట్టిక రాస్తున్నప్పుడు వెళ్లి చూడు. అందులో మీ అమ్మ కూలికి గడి ఉందేమో అడుగు.