మనీలా పురస్కారము - మన వీధులు

గట్టి వాన కురిసిన సాయంకాలమున అమీర్‌పేటలోని మైత్రీవనము కూడలిని చూచినవారికి ఆ దృశ్యమును వర్ణింప నవసరము లేదు. మోకాలిలోతు నీరు, ఆ నీటిలో నిలిచిపోయిన బస్సులు, చెప్పులు చేత బట్టుకొని నడచు విద్యార్థులు. నీరు లాగుటకై నడివీధిలోని మ్యాన్‌హోల్ మూత తెరచి, ఎవరును అందు పడకుండ ఒక చెట్టుకొమ్మను గ్రుచ్చిపెట్టుదురు. మనము ఆ కొమ్మను తప్పించుకొని సాగిపోవుదుము. వాన వెలిసిన పిమ్మట ఆ గుంతలోని పూడిక తీయువారెవరో తలచుకొనువారు అరుదు. వీధి కావలి తేనీటి దుకాణమున గాజుగ్లాసులు కడుగు పిల్లవాని వయస్సెంతయని అడుగువారును అరుదే.

నేటి ప్రసంగ విషయము మానవ హక్కుల కొరకును, భిన్న సంస్కృతుల నడుమ సంభాషణ కొరకును పాటుపడినవారికి లభించు పురస్కారములు. అంత పెద్ద విషయమునకు మురుగుగుంతయు, తేనీటి దుకాణమును ఏల యని శ్రోతలు అడుగవచ్చును. అట్టి పురస్కారములలో పేరెన్నికగన్న ఒకదానిని తెలుగువా రిరువురు పొందినది సరిగా ఈ రెండు విషయములలోనే. వారిలో నొకరు పిల్లవానిని పనినుండి బడికి తెచ్చిరి. రెండవవారు పాకీపని నుండి మనుష్యుని విడిపింప బూనిరి.

1948 డిసెంబరు 10వ తేదీన ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించెను. దాని మొదటి అధికరణపు చిత్తులో ‘పురుషులందరు’ అను అర్థము వచ్చు మాట యుండగా, ‘మానవులందరు’ అని మార్పించినది మన దేశ ప్రతినిధి శ్రీమతి హంసా మెహతా. హక్కులు కాగితముపై నెక్కినంతనే చేతికి రావు గదా! తెచ్చి యిచ్చువారు కావలెను. అట్టివారిని గుర్తించి లోకమునకు చూపుటకే ఈ పురస్కారములు పుట్టినవి. ఐక్యరాజ్యసమితి స్వయముగా 1968 నుండి మానవ హక్కుల బహుమానమును ఇచ్చుచున్నది. కుష్ఠరోగుల నడుమ జీవితము గడపిన బాబా ఆమ్టేగారు 1988లో దానిని పొందిరి.

ఆసియా ఖండమున ఇట్టి గౌరవములలో మిక్కిలి పేరుపొందినది రామన్ మెగసెసె పురస్కారము. మెగసెసె ఫిలిప్పీన్సు దేశాధ్యక్షుడు. 1957 మార్చి 17న విమాన ప్రమాదమున మరణించెను. ఆ సంవత్సరముననే ఆయన పేర పురస్కారము ఏర్పడి, 1958 నుండి మనీలా నగరమున ఈయబడుచు వచ్చినది. జాతి, మతము, స్త్రీపురుష భేదము చూడరాదనుట దాని నియమము. శాంతి, అంతర్జాతీయ అవగాహన అనువానికి 2008 వరకు ఒక ప్రత్యేక విభాగమే యుండెను. 1962లో మదర్ థెరెసా గౌరవింపబడినది ఆ విభాగముననే.

మొదటి సంవత్సరమున ఈ గౌరవము పొందినవారిలో వినోబా భావేగారు ఒకరు. ఆ గౌరవమునకు కారణమైన భూదానోద్యమము పుట్టినది హైదరాబాదునకు ఎంతో దూరము లేని పోచంపల్లిలో. 1951 ఏప్రిల్ 18న ఆ గ్రామపు హరిజన కుటుంబములు తమకు ఎనుబది ఎకరముల భూమి యున్న చాలునని వినోబాను కోరగా, సభలోనున్న వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి నూరు ఎకరములు ఇచ్చెదననిరి. అడిగినవాడును, ఇచ్చినవాడును ఒకే ఊరివారు. అయినను అంతకు ముందు వారి నడుమ ఆ మాట నడువలేదు. నడుమ ఒక మనుష్యుడు కూర్చుండి వినవలసి వచ్చెను. సంభాషణ యనగా దేశదేశముల ప్రతినిధులు మేజాబల్ల చుట్టు చేరుట మాత్రమే కాదని నేను అనుకొనుటకు ఈ సంఘటనయే మొదటి ఆధారము.

మన నగరమున సన్మానములకు కొదువ లేదు. వేదిక, శాలువ, పూలదండ, చట్రములో బిగించిన సన్మానపత్రము. మరునాటికి పత్రము గోడకు, శాలువ పెట్టెలోనికి. ఇన్ని చూచిన పిమ్మట పురస్కారములన్న నాకు పెద్ద గురి యుండెడిది కాదు. శ్రీమతి శాంతా సిన్హాగారి కృషిని గూర్చి చదివిన తరువాతనే ఆ యభిప్రాయమును కొంత సవరించుకొంటిని.

ఆమె 1950లో నెల్లూరున జన్మించిరి. ఉస్మానియాలో చదివి, ఢిల్లీలోని జవహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయమున పరిశోధన ముగించి, హైదరాబాదు విశ్వవిద్యాలయమున రాజనీతిశాస్త్ర ఆచార్యులైరి. తాతగారు ప్రసిద్ధ పండితులు మామిడిపూడి వేంకటరంగయ్యగారు. ఆయన పేర కుటుంబమువారు 1981లో ఒక సంస్థను స్థాపించిరి. విశ్వవిద్యాలయపు విస్తరణ కార్యక్రమమును నడపుచు 1987లో ఆమె, వెట్టిచాకిరి నుండి విడిపింపబడిన పిల్లల కొరకు మూడు నెలల శిబిరమును ఏర్పరచిరి. 1991 నుండి తాతగారి పేరిటి సంస్థ రంగారెడ్డి జిల్లా గ్రామములలో ఆ పనినే తన ముఖ్య కర్తవ్యముగా చేపట్టెను.

ఆ దినములలో పెద్దల అభిప్రాయమేమి? పేదవాని పిల్లవాడు పనిచేయక తప్పదు. కావున పగలు పనిచేసి, రాత్రి లాంతరు వెలుగున నాలుగక్షరములు నేర్చుకొనవలెను. రాత్రిబడులు, అనియత విద్యాకేంద్రములు ఈ ఆలోచన నుండి వచ్చినవే. వినుటకు ఇది ఎంతయో దయగల మాట. శాంతా సిన్హాగారు దీనిని తలక్రిందులు చేసిరి. బడిలో లేని ప్రతి పిల్లవాడును, ప్రతి పిల్లయును బాలకార్మికులే యని వారి సిద్ధాంతము. పశువులు కాచువాడు, చంటిపాపను ఎత్తుకొని ఇల్లు కనిపెట్టుకొని యుండు అక్క, పత్తి విత్తనముల చేలలో పూలు దులుపు బాలిక, అందరును ఆ లెక్కలోనివారే. వారికి కావలసినది రాత్రిబడి కాదు, అందరి పిల్లలవలె పగటిబడి. ఒకే వాడలో, ఒకే పేదరికములో, ఒక తండ్రి పిల్లవానిని బడికి పంపుచున్నాడు, ప్రక్కయింటి తండ్రి పనికి పంపుచున్నాడు. అట్లయిన కారణము పేదరికమొక్కటే యెట్లగును? పిల్లలు పనిచేయుట వింత కాదని ఊరంతయు ఒప్పుకొని యుండుటయే అసలు కారణమని వారు కనుగొనిరి.

పండ్రెండేండ్ల వానిని తీసికొనిపోయి ఒకటవ తరగతిలో కూర్చుండబెట్టిన సిగ్గుతో పారిపోవును. అందుకొరకే శిబిరములు. కొన్ని నెలలు అక్కడనే యుంచి, ఆటలతో పాటలతో చదువు పట్టించి, వయస్సునకు తగిన తరగతిలో చేర్పించుదురు. ఊరి యువకులు ఇంటింటికి తిరుగుదురు, ఉపాధ్యాయులు తోడుపడుదురు, పంచాయతీ పెద్దలు లెక్క చూతురు. పిల్లలను పనిలో పెట్టుకొన్న ఆసాములను శత్రువులుగా జూడక, వారి గడపకే పోయి పలుమారులు మాటలాడుట ఈ పద్ధతిలోని విశేషము. నా దృష్టిలో ఇది పోచంపల్లి సంభాషణకు కొనసాగింపే.

2003లో మెగసెసె పురస్కారము ఆమెను వరించినది. దాని వలన ఒరిగినదేమి? చాలకాలము ఆచరణసాధ్యము కాదని పెదవి విరిచిన మాటను ఇకమీదట అంత తేలికగా త్రోసిపుచ్చ వీలులేకపోయెను. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ సంఘము ఏర్పడినప్పుడు ఆమెయే ప్రథమాధ్యక్షురాలై 2013 వరకు పనిచేసిరి. 2009లో పార్లమెంటు ఆమోదించిన విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చెను. బడిమానిన పిల్లలను వయస్సునకు తగిన తరగతిలో చేర్చవలెనను నియమము ఆ చట్టమున నున్నది. పురస్కారమే చట్టమును తెచ్చినదని నేననను. ఒక సభలో ఒకరి మాటకు ఆసనము వేయించినది. అంతవరకు నిశ్చయముగా చెప్పవచ్చును.

పురస్కారము పుచ్చుకొనని వారి మాటయు ఇచ్చట చెప్పవలెను. శ్రీ ఎస్. ఆర్. శంకరన్ తమిళదేశమున పుట్టి, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమున ఐ.ఏ.ఎస్. అధికారిగా పనిచేసిన మహానుభావులు. సాంఘిక సంక్షేమశాఖ కార్యదర్శిగా నున్నప్పుడు, 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టమును కచేరి అరలో నుంచక పల్లెపల్లెకు మోసికొనిపోయిరి. దళితుల, గిరిజనుల పిల్లల వసతిగృహములన్న ఆయనకు ప్రాణము. 1987 డిసెంబరులో తూర్పుగోదావరి జిల్లా గుర్తేడు వద్ద నక్సలైట్లు అపహరించిన అధికారులలో ఆయన ఒకరు. అట్టివారే పది సంవత్సరముల తరువాత, 1997లో, ఆ నక్సలైట్లకును ప్రభుత్వమునకును నడుమ మాటలు సాగింపుడని కోరుచు పౌరుల సంఘమునకు నాయకత్వము వహించిరి! 2005లో కేంద్రప్రభుత్వము పద్మభూషణ్ ప్రకటించగా ఆయన వలదనిరి. అవివాహితులు, నిరాడంబరులు. 2010 అక్టోబరులో హైదరాబాదున కన్నుమూసిరి. పుచ్చుకొనుట మేలా, నిరాకరించుట మేలా యని నన్నడిగినచో, పని ముందుకు జరుగుటకు ఏది యుపకరించునో అదియే మేలు అందును. శంకరన్‌గారికి బిరుదుతో పనిలేదు. శాంతా సిన్హాగారి సిద్ధాంతమునకు సాక్షులు కావలసి యుండెను.

పదవీ విరమణానంతరము శంకరన్‌గారు అండగా నిలిచిన ఉద్యమములలో సఫాయి కర్మచారీ ఆందోళన్ ముఖ్యమైనది. దానిని నడపినవారు శ్రీ బెజవాడ విల్సన్. 1966లో మైసూరు రాష్ట్రపు కోలారు బంగారు గనుల పట్టణమున, పాకీపని చేయు తెలుగు దళిత కుటుంబమున ఆయన పుట్టిరి. ఇంటిపేరే వారి మూలమును చెప్పుచున్నది. గనులలో బంగారము తీయువారి మరుగుదొడ్లను చేతులతో శుభ్రపరచుట ఆ కుటుంబము పాలబడిన పని. విల్సన్ చదువుకొని, హైదరాబాదులోని అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయము నుండి పట్టము పొందిరి. తనవారు చేయుచున్న పనిని తాను కన్నులార చూచి దుఃఖించిన యువకుడు, దానిని మాన్పుటయే జీవితకార్యముగా పెట్టుకొనెను.

ఈ పనిని నిషేధించు చట్టము 1993లోనే వచ్చినది. అయినను ప్రభుత్వములు తమయొద్ద అట్టి పనివారు లేరని వ్రాసియిచ్చుచుండెను. లేరన్నవారిని ఉన్నారని చూపుటయే విల్సన్ బృందము మొదట చేసిన పని. ఊరూరు తిరిగి, పేర్లు వ్రాసికొని, ఛాయాచిత్రములు తీసి, 2003లో సుప్రీంకోర్టు తలుపు తట్టిరి. 2013లో క్రొత్త చట్టము వచ్చెను; రక్షణ సాధనములు లేక మురుగుకాలువలలోనికి, సెప్టిక్ ట్యాంకులలోనికి మనుష్యుని దింపుటను అది నేరముగా పరిగణించెను. 2014 మార్చి 27న సుప్రీంకోర్టు తీర్పు చెప్పుచు, 1993 నుండి మురుగుగుంతలలో మరణించిన వారి కుటుంబములకు పది లక్షల రూపాయల చొప్పున ఇయ్యవలెనని ఆజ్ఞాపించెను. విల్సన్‌గారికి మెగసెసె పురస్కారము 2016లో వచ్చెను.

అదే యేట అదే పురస్కారమును అందుకొన్న వేరొకరు మద్రాసు గాయకులు శ్రీ టి. ఎం. కృష్ణ. కర్ణాటక సంగీతమును సభాభవనముల నుండి బెస్తవాడలోనికి కొనిపోయి, ఆ వాడవారి కళలతో ఒకే వేదికపై నిలిపినందుకు ఆయనకు గౌరవము. కచేరీలలో పాడు కృతులు అధిక భాగము మన తెలుగులోనివి. అరవదేశపు బెస్తవాడలో అవి వినబడుచున్నవన్న మనకు సంతోషమే గదా. ఒకరు పాకీపని మాన్పువారు, వేరొకరు పాటకులు. ఇరువురును ఒకే జాబితాలో నుండుట మొదట వింతగా తోచును. అంటరానితనము చేతిపనిలోనే కాదు, చెవిలోను ఉండునని ఎరిగినవారికి వింత కాదు.

మరల మన వీధికి వత్తము. పంజగుట్ట నుండి అమీర్‌పేటకు పైన 2018 నుండి మెట్రోరైలు పరుగిడుచున్నది. క్రింద మురుగుకాలువలు పారుచున్నవి. 2017లో హైదరాబాదు జలమండలి ఇరుకు వీధులలో సైతము పోగల చిన్న జెట్టింగు యంత్రములను 70 ప్రవేశపెట్టి, వానిని నడపు అవకాశమును దళిత వ్యాపారులకు కల్పించెను. గుంతలోనికి మనుష్యుడు దిగకుండ, నీటి వేగముతో పూడికను వదలగొట్టుట ఆ యంత్రము చేయు పని. మెచ్చదగిన యేర్పాటు. అయినను దేశమున మరణములు ఆగలేదు. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు ఆ పరిహారమును ముప్పది లక్షలకు పెంచవలసి వచ్చెను. ప్రైవేటు భవనముల సెప్టిక్ ట్యాంకులు యజమానుల యిష్టము మీద శుభ్రపరుపబడుచున్నవి. అపార్ట్‌మెంటు సంఘమువారు యంత్రమునకు ఎక్కువ సొమ్మగునని ఇద్దరు కూలీలను పిలిచినచో, ఆ బేరమాడినవారు మనలోనివారే.

ఇక తేనీటి దుకాణములోని పిల్లవాడు. పదునాలుగేండ్లలోపు వారిని ఏ పనిలోను పెట్టుకొనరాదని 2016లో సవరింపబడిన చట్టము చెప్పుచున్నది. కుటుంబపు వ్యాపారమున బడివేళల తరువాత సాయపడుటకు మాత్రము విడుపు నిచ్చినది. మొన్న నేను ఆ దుకాణమువానిని అడిగితిని. “అక్క కొడుకండీ, సెలవులకు వచ్చినాడు” అనెను. అవి సెలవులు కావు. గ్లాసు బల్లపై నుంచి, ఏ బడియని పిల్లవానిని అడిగితిని. వాడు మామవంక చూచెను. నేను బాలల సహాయవాణి సంఖ్య 1098ని ఒక కాగితముపై వ్రాసికొని, పక్కనున్న బడి ప్రధానోపాధ్యాయుని ఇంటికి దారి యడిగి నడచితిని.