మీకు తెలుసా? సోయా కొవ్వొత్తిలో సువాసన నూనె ఎప్పుడు కలపాలి

కొవ్వొత్తులకు వాడే సోయా మైనం చాలావరకు 50 డిగ్రీల సెల్సియస్ అటూ ఇటూగా కరిగిపోతుంది. అయినా చాలామంది తయారీదారులు దాన్ని 85 డిగ్రీల దాకా వేడి చేసి గానీ సువాసన నూనె పోయరు. అంత వేడిలో మైనం పూర్తిగా పలచబడి, నూనె అంతటా సమంగా పరుచుకుంటుంది. రెండు నిమిషాలు నెమ్మదిగా కలపాలి. చల్లారుతున్న మైనంలో పోస్తే నూనె సరిగా కలవదు.

సీసా మీద రాసిన ఫ్లాష్ పాయింట్ దాటితే పరిమళమంతా ఆవిరైపోతుందనేది ఈ పనిలో బాగా పాతుకుపోయిన అపోహ. నిప్పు తగిలితే నూనె ఆవిరి అంటుకోగల కనిష్ఠ ఉష్ణోగ్రత అది. వాసన నిలవడానికీ దానికీ నేరుగా లంకె లేదు. జాగ్రత్త మాత్రం మంట దగ్గరే కావాలి: వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి మైనం కరిగించి, పొయ్యి ఆర్పాకే నూనె పోయడం మేలు.

కొలత చెంచాలతో కాదు, తూకంతో. మామూలుగా మైనం బరువులో 6 నుంచి 10 శాతం. కిలోకు 80 గ్రాములంటే 8 శాతం. ఇంకాస్త గుమ్మరిస్తే ఘుమఘుమ పెరుగుతుందన్నది ఆశే. మిగులు నూనె పైన చెమరుస్తుంది, వత్తి పొగ చిమ్ముతుంది. నూనెకు బదులు పన్నీరు అసలు పనికిరాదు; నీళ్లు మైనంలో కలవవు.

గట్టిపడిన రోజే వెలిగించి పెదవి విరవకండి. ఆవకాయలా సోయా కొవ్వొత్తికీ ఊరే గడువుంది, ఒకటి రెండు వారాలు. పారఫిన్ మైనానికి అంత అక్కర్లేదు.