లెక్కల చిప్పు ఎంచుకోవడం ఎలా?

ఆలూరు నల్లరేగడిలో వంకర గట్ల చేను విస్తీర్ణం తేల్చాలంటే దాన్ని త్రిభుజాలుగా విడగొట్టాలి. మూడు భుజాల పొడవులు తెలిస్తే మిగిలింది లెక్కే, చివర్లో వర్గమూలం తీయాలి. 1981లో వచ్చిన ఐబీఎం పీసీకి చిక్కు అక్కడే. అందులోని 8088 ప్రాసెసర్ పూర్ణాంకాలతో మాత్రమే లెక్కలు చేయగలదు. దశాంశాలు వస్తే ప్రోగ్రామే మెట్టుమెట్టుగా కుస్తీ పట్టాలి.

ఈ కొరత తీర్చడానికి ఇంటెల్ 1980లోనే 8087 అనే మ్యాథ్ కోప్రాసెసర్‌ను తెచ్చింది. 5 మెగాహెర్ట్జ్ వేగంలో ప్రోగ్రాము ఒక వర్గమూలానికి 19,600 మైక్రోసెకన్లు తీసుకుంటే, 8087కు 36 చాలని ఇంటెల్ పట్టికే చెప్పింది. అయిదు వందల రెట్లకు పైగా తేడా! పీసీ మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పక్కనే దీని కోసం 40 కాళ్ల సాకెట్ ఖాళీగా ఉంచారు. రెండు చిప్పులూ ఒకే ఆదేశాల వరుసను గమనిస్తుంటాయి. దశాంశాల పని రాగానే 8087 అందుకుంటుంది.

వేగం కన్నా నాకు గొప్పగా తోచేది దాని నికరం. అప్పట్లో ఒక్కో కంపెనీ యంత్రం దశాంశాలను ఒక్కో తీరుగా సవరించేది, ఒకే లెక్కకు రెండు జవాబులు వచ్చేవి. గణితవేత్త విలియం కహాన్ సలహాతో తయారైన 8087 బాటలోనే 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం వచ్చింది. నేటి ఫోన్లూ దాన్నే పాటిస్తున్నాయి. కహాన్‌కు 1989లో ట్యూరింగ్ అవార్డు దక్కింది.

పాత కంప్యూటర్ బాగుచేసుకునేవారు ముందు ప్రాసెసర్ మీది పేరు చదవాలి. 8086, 8088లకు 8087; 286కు 287; 386 డీఎక్స్‌కు 387 డీఎక్స్; 386 ఎస్‌ఎక్స్‌కు 387 ఎస్‌ఎక్స్. ఈ చివరి రెండూ ఒకదాని సాకెట్‌లో ఇంకొకటి పట్టవు. బోర్డు ఇచ్చే వేగాన్ని చిప్పు తట్టుకోగలగాలి. 387 సాకెట్‌లోనే కూర్చునే సైరిక్స్ చిప్పు ఇంటెల్‌దాని కన్నా చురుకు, దొరికితే వదలకండి. వైటెక్ 3167కు సాకెట్ వేరు, దాని కోసమే రాసిన ప్రోగ్రాములూ కావాలి. 486 డీఎక్స్‌లో ఈ విభాగం లోపలే ఉంది. 486 ఎస్‌ఎక్స్‌కు తోడుగా అమ్మిన 487 నిజానికి పూర్తి ప్రాసెసరే. పెట్టగానే పాతదాన్ని ఆపేసి పనంతా తానే చేస్తుంది.

ఉత్తరాలు టైపు చేసుకునేవారికి ఈ చిప్పుతో ఒరిగేదేమీ లేదు. ఆటోక్యాడ్ గీతలకూ, ఇంజినీరింగ్ లెక్కలకూ అయితే తప్పక వేయండి. ఐబీఎం పీసీలో వేశాక బోర్డు మీది చిన్న స్విచ్‌ను కూడా మార్చడం మరవకండి.